ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బోకి బ్లో ఆఫ్ వాల్వా, డైవర్టర్ వాల్వా? దుకాణం ఒకటంటోంది, బండి ఇంకోటంటోంది

#1 పాతబండి (మియాపూర్)

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే తప్ప ఏమీ రాయలేదు. పోయిన దసరాకి 2005 మోడల్ ఆక్టేవియా ఆర్‌ఎస్ కొన్నాను. 1.8 టర్బో పెట్రోల్, 150 పీఎస్, మాన్యువల్ గేర్లు. నేను మూడో ఓనర్ని. కొన్న కొత్తలో మూడో గేరులో తొక్కితే వీపు సీటుకి అతుక్కునేది. నెల రోజులుగా ఆ పికప్ లేదు. తొక్కగానే ముందు సన్నగా ఈల వినపడుతుంది, తర్వాత తీరిగ్గా బండి లేస్తుంది. మైలేజీ కూడా తగ్గింది.

మాడిఫికేషన్లు చేసే ఒక దుకాణానికి తీసుకెళ్లా. "ఫ్యాక్టరీది ప్లాస్టిక్ వాల్వు సార్, అది పీకేసి బ్లో ఆఫ్ వాల్వు పెడదాం. పికప్ పెరుగుతుంది, సౌండూ వస్తుంది" అన్నారు. పేరున్న జపాన్ కంపెనీ పెట్టెలో ఉంది. బిగింపుతో కలిపి 7,500 చెప్పారు. నిజం చెప్పాలంటే ఆ సౌండు మీద నాకూ మోజే. పెట్టించనా?

#2 శబ్దభేది (కూకట్‌పల్లి)

పెట్టించెయ్ బ్రో, ఇంకా ఆలోచన దేనికి! గేరు మార్చినప్పుడల్లా "ప్స్‌స్‌స్" అంటుంటే సిగ్నల్ దగ్గర పక్కోడు అద్దం దించి మరీ చూస్తాడు. వీడియో పెట్టడం మర్చిపోకు.

#3 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

ఆయన పికప్ పోయిందని ఏడుస్తుంటే మీరు పక్కోడి అద్దం గురించి చెబుతున్నారు.

పాతబండి గారూ, ప్రస్తుతానికి ఏమీ కొనకండి. ముందు ఆ వాల్వు ఎందుకుందో చెబుతాను. మీరు తొక్కినంతసేపు టర్బో గాలిని నొక్కి గొట్టంలోకి తోస్తుంటుంది. గేరు మార్చడానికి కాలు తీయగానే ఇంజిన్లోకి గాలి వెళ్లే దారిలోని థ్రాటిల్ పలక మూసుకుపోతుంది. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే టర్బో చక్రం మాత్రం మీరు కాలు తీశారని ఆగిపోదు. గొట్టంలో ఇరుక్కున్న గాలికి ముందు దారి లేదు కాబట్టి వచ్చిన దారినే వెనక్కి తంతుంది. రెక్కల మధ్య నుంచి వెనక్కి పోవడం, మళ్లీ ముందుకు రావడం, ఈ తోపులాటనే సర్జ్ అంటారు. పావురాలు రెక్కలు కొట్టుకున్నట్టు "టుటుటుటు" అని వినపడేది అదే. దాంతో చక్రం వేగం పడిపోతుంది, షాఫ్టు బేరింగు మీద కుదుపు పడుతుంది. అది జరక్కుండా గాలికి పక్కదారి తెరవడమే ఈ వాల్వు పని.

ఆ గాలిని మళ్లీ ఎయిర్ ఫిల్టరుకీ టర్బోకీ మధ్య ఉన్న గొట్టంలోకే పంపితే దాన్ని డైవర్టర్ అంటాం. బానెట్ కింద బయటికి వదిలేస్తే బ్లో ఆఫ్. వేస్ట్‌గేట్‌ని వీటితో కలపకండి, అది ఎగ్జాస్ట్ వైపు ఉండి బూస్ట్, అంటే టర్బో కట్టే గాలి పీడనం, ఎంత ఉండాలో చూసుకుంటుంది. చాలామంది మెకానిక్‌లకే ఈ తేడా తెలియదు. "వేస్ట్‌గేట్ మార్చా సార్" అని డైవర్టర్ చేతిలో పెట్టినవాళ్లని చూశాను.

ఫ్యాక్టరీ నుంచి మీ బండికి వచ్చింది డైవర్టర్. లోపల రబ్బరు పొర ఉంటుంది. ఇరవై ఏళ్ల రబ్బరు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. స్కాన్ చేయించారా? ఏ కోడ్ వచ్చింది?

#4 పాతబండి (మియాపూర్)

దుకాణంలో చిన్న స్కానర్ పెడితే పీ1297 అని వచ్చింది. వాళ్లు చెరిపేశారు, రెండు రోజుల్లో మళ్లీ వెలిగింది. "పాత బండి కదా సార్, వస్తూ ఉంటాయి" అన్నారు.

#5 లెక్కల_మాస్టారు (రాజమండ్రి)

చెరిపేశారా! జ్వరం చూసి థర్మామీటర్ విదిలించినట్టుంది.

పీ1297ని వీసీడీఎస్‌లో, అంటే ఈ కంపెనీ బండ్లని ల్యాప్‌టాప్‌తో స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్‌లో, చూస్తే 17705 అని కనపడుతుంది. టర్బోకీ థ్రాటిల్‌కీ మధ్య గొట్టంలో పీడనం పడిపోతోందని దాని అర్థం. అంటే గాలి ఎక్కడ కారుతోందో మీ కారే చెప్పింది, ఎవరూ వినిపించుకోలేదు. మీరు చూడాల్సినవి డైవర్టర్ వాల్వు, ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లార్చేది) గొట్టాల క్లాంపులు, వాల్వుకి వెళ్లే సన్న వాక్యూమ్ గొట్టాలు.

వాల్వు పరీక్షకి రూపాయి ఖర్చు లేదు. ఇంజిన్ చల్లారాక క్లాంపులు వదులు చేసి బయటికి తీయండి. కింది రంధ్రంలోంచి వేలితో లోపలి పిస్టన్‌ని పూర్తిగా పైకి నొక్కండి. అలాగే పట్టుకుని, పైనున్న సన్న గొట్టం మొనని రెండో చేతి బొటనవేలితో మూసి, ఇప్పుడు కింది వేలు తీసేయండి. పిస్టన్ పైనే ఆగిపోతే పొర బాగుంది. దిగి వచ్చేస్తే పొర చిరిగింది.

#6 డాలస్_డబ్బా (టెక్సస్)

పాతబండి గారూ, ఆ 7,500 జేబులోంచి తీయకముందు నా కథ వినండి.

నాది 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్. నాలుగేళ్ల కిందట బుద్ధి గడ్డితిని ఫ్యాక్టరీ డైవర్టర్ తీసేసి, గాలి మొత్తం బయటికి వదిలే వాల్వు పెట్టుకున్నా. మొదటి వారం స్వర్గం. రెండో వారం నుంచి గేరు గేరుకీ మధ్య బండి ఒక ముక్కు ముక్కేది. సిగ్నల్ దగ్గర క్లచ్ నొక్కి ఆపబోతే ఇంజినే ఆగిపోయేది. ప్లగ్గులు తీసి చూస్తే కాటుక పూసినట్టున్నాయి.

మెకానిక్ చెప్తే అప్పుడు తెలిసింది. మన బండ్లలో ఎయిర్ ఫిల్టర్ దాటగానే గాలిని లెక్కపెట్టే సెన్సర్ ఉంటుంది, మాఫ్ అంటారు. అక్కడ లెక్కించిన గాలికి సరిపడా పెట్రోల్ కొట్టమని కంప్యూటర్ చెబుతుంది. మనం ఆ గాలిని మధ్యదారిలో బయటికి వదిలేశాం. పెళ్లిలో గుమ్మం దగ్గర వంద మందిని లెక్కపెట్టి వంద విస్తళ్లకి వండించారు, ముప్పై మంది పక్క తలుపులోంచి జారుకున్నారనుకోండి. మిగిలిపోయిన ఆ అన్నమే నా సైలెన్సర్లోంచి నల్లగా వచ్చింది. కాలని పెట్రోల్ ఎగ్జాస్ట్‌లోకి పోయి పొగని శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కూడా వేడెక్కిస్తుంది, అది వాల్వు కన్నా ఎన్నో రెట్లు ఖరీదు.

ఫ్యాక్టరీ వాల్వు మళ్లీ పెట్టాను, రోగం పోయింది. మీ 1.8 టర్బో కూడా మాఫ్ బండే.

#7 శబ్దభేది (కూకట్‌పల్లి)

మరి యూట్యూబ్‌లో అందరి బండ్లూ ప్స్‌స్ అంటూనే ఉన్నాయి కదా. వాళ్లవేమీ ఆగిపోవట్లేదే?

#8 టీజెట్_తిక్క (విశాఖపట్నం)

నాది అబార్త్ పుంటో, 1.4 టీ జెట్, 145 హార్స్‌పవర్. మూడేళ్లుగా గాలి బయటికే వదులుతున్నా, ఒక్కసారీ ఆగలేదు. కారణం, ఈ ఇంజిన్లో మాఫ్ లేదు. థ్రాటిల్ దాటాక సిలిండర్లకి గాలి పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో ఎంత పీడనం ఉంది, ఎంత వేడి ఉంది అని మ్యాప్ సెన్సర్ చూసి దాన్నిబట్టి లెక్క కడుతుంది. డబ్బా గారి పోలికలోనే చెప్పాలంటే మా వాళ్లు గుమ్మం దగ్గర కాదు, పంక్తిలో కూర్చున్నాక తలలు లెక్కపెడతారు. ముందే జారుకున్నవాళ్ల గొడవ ఉండదు.

అందుకని ఎవరైనా "ఏ వాల్వు మంచిది" అని అడిగితే నేను ముందు "మీ బండి గాలిని ఎక్కడ లెక్కపెడుతుంది" అని అడుగుతా. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా బయటికి వచ్చే గొట్టం చూడండి. అక్కడ వైర్ల ప్లగ్గుతో సెన్సర్ ఉంటే చాలావరకు మాఫే. ఒకటి గుర్తుంచుకోండి, కొన్ని బండ్లలో మాఫ్ టర్బో దాటాక, థ్రాటిల్‌కి ముందు ఉంటుంది. వాల్వు దానికన్నా ముందే గాలి వదిలేస్తే లెక్క చెడదు. ఇప్పటి చిన్న టర్బో ఇంజిన్లు కొన్నింటిలో అసలు విడి వాల్వే ఉండదు. కొనేసి బిగించడానికి చోటు వెతుక్కున్న మహానుభావులు మా గ్రూపులో ఉన్నారు.

#9 కరీంనగర్_క్లచ్

అన్నా, నడుమల నాదొక ముచ్చట. నాది గూడ ఆక్టేవియానే, గని 1.9 డీజిల్. మావోడొకడు ఆన్‌లైన్ల "డీజిల్ బ్లో ఆఫ్ కిట్" అని చూపెట్టిండు. చిన్న మోటర్ లెక్కుంది, పెడల్ కాడ స్విచ్చు వస్తదట. సౌండు మస్తుంది. పెట్టియ్యాల్నా వద్దా?

#10 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

వద్దు తమ్ముడూ. పెట్రోల్ బండికి ఈ వాల్వు ఎందుకు అవసరమైంది? కాలు తీయగానే థ్రాటిల్ మూసుకుంటుంది కాబట్టి. మీ డీజిల్‌లో కాలు తీస్తే తగ్గేది డీజిలే, గాలికి దారి తెరిచే ఉంటుంది. మీ ఇంజిన్లో కూడా ఒక పలక ఉంది, నిజమే. అది తాళం తీసి బండి ఆపినప్పుడు ఇంజిన్ గడగడ ఊగకుండా మూసుకోవడానికి. నడుస్తుండగా దానికి పనిలేదు.

ఇక ఆ కిట్టు చేసేదల్లా, మీరు కాలు తీసినప్పుడల్లా కరెంటుతో బూస్ట్ గొట్టానికి ఒక కన్నం తెరవడం. ఉత్త ఈల. ఆ వాల్వు ఏ రోజైనా సగం తెరుచుకుని ఇరుక్కుంటే నల్లపొగ, సున్నా పికప్. ఆ డబ్బుతో రెండుసార్లు ఆయిల్ మార్చుకోండి.

#11 కరీంనగర్_క్లచ్

సరే అన్నా. ఆర్డర్ క్యాన్సిల్ కొట్టిన. ఇగ మావోన్ని తిట్టుడే.

#12 పాతబండి (మియాపూర్)

ఆదివారం పొద్దున్నే వాల్వు తీశాను. మాస్టారు చెప్పిన వేలి పరీక్ష చేశా. బొటనవేలు మూసే ఉంది, పిస్టన్ దర్జాగా దిగి వచ్చేసింది. మూడుసార్లు చేశా, అంతే. పొర అంచున గోరంత చిరుగు కనపడుతోంది. దానికి వెళ్లే సన్న గొట్టం కూడా మొన దగ్గర విరిచిన జంతికలా ఉంది, చేతిలోనే పుటుక్కుమంది.

కాబట్టి ఏదో ఒక వాల్వు కొనక తప్పదు. ఏది? మా దుకాణం పెట్టె ఫోటో కింద పెట్టాను. నాకు లోహం పిస్టన్ ఉన్న డైవర్టర్ అయినా పర్వాలేదు. ఇంకో సంగతి, బండి రీమ్యాప్ అయి ఉందని, అంటే పవర్ పెరిగేలా ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి ఉందని, పాత ఓనర్ అన్నాడు, కాగితం లేదు.

#13 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

ఫోటో చూశాను. పెట్టె మీద అక్షరాల మధ్య ఖాళీలు చూస్తేనే తెలుస్తోంది, నకలు. ఆ జపాన్ కంపెనీ అసలు వాల్వు 7,500కి, అదీ బిగింపుతో కలిపి, రానే రాదు. నకలు వాల్వుతో నాకున్న ఇబ్బంది పేరు కాదు. లోపల పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు సరిగ్గా ఉండదు, స్ప్రింగ్ ఎంత గట్టిదో అమ్మేవాడికే తెలియదు. కొన్ని కొత్తలోనే కారతాయి. మీరు కారుతున్నదాన్ని తీసి కారేదాన్ని పెట్టుకుంటారు.

మీ బండికి నా మాట: పార్ట్ నంబరు చివర 710 ఎన్ అని ఉండే బాష్ డైవర్టర్. పూర్తి నంబరు 06ఏ 145 710 ఎన్. పాత రకాల కన్నా గట్టి పొర, పెట్టడానికి అరగంట, కొలతలన్నీ అవే. ఇదే వాల్వు ఆడీ టీటీలోనూ వచ్చింది. మామూలు రీమ్యాప్ బూస్ట్‌కి నిశ్చింతగా నిలబడుతుంది.

లోహం పిస్టన్ వాల్వులు, అంటే ఫోర్జ్ లాంటివి, చెడ్డవని నేననను. చిరిగే పొరే ఉండదు, బూస్ట్ బాగా పెంచినవాళ్లకి అది భరోసా. కానీ అందులో పిస్టన్ జారాలంటే గ్రీజు ఉండాలి. ఏడాదికోసారి విప్పి తుడిచి గ్రీజు పెట్టే ఓపిక మీకుందా? నా దగ్గరికి వచ్చే పిస్టన్ వాల్వుల్లో సగానికి పైగా ఎండిపోయి బిగుసుకున్నవే. యజమానులందరూ కొన్నప్పుడు "నేను చేసుకుంటాను" అన్నవాళ్లే.

#14 డాలస్_డబ్బా (టెక్సస్)

సగం బయటికి, సగం లోపలికి వదిలేవి కూడా ఉన్నాయి కదా సుత్తి గారూ? టర్బోస్మార్ట్ డ్యూయల్ పోర్ట్, జీఎఫ్‌బీ వాళ్ల తిప్పుకునే రకం. కాస్త సౌండు వస్తుంది, బండి ఆగిపోదు.

#15 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

ఉన్నాయి. సగం వదిలితే లెక్క సగమే తప్పుతుంది. కొన్ని బండ్లు ఓర్చుకుంటాయి, కొన్ని ఓర్చుకోవు. జీఎఫ్‌బీది తిప్పి పూర్తిగా లోపలికి పెట్టుకునే వీలుంది కాబట్టి మోజు తీరాక వెనక్కి రావచ్చు. సౌండు కావాల్సిందే అన్నవాళ్లకి మాఫ్ బండిలో నేను ఒప్పుకునేది అదొక్కటే.

ఊరికే ఈల వినాలనుంటే ఇంకో మార్గముంది. డైవర్టర్ అలాగే ఉంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి ఒకసారి నడిపి చూడండి. లోపలికి తిరిగొచ్చే గాలి శబ్దం బాగానే వినపడుతుంది. మోజు తీరాక మూత పెట్టేయండి, మన రోడ్ల దుమ్ముకి అలా తిరగొద్దు.

#16 టీజెట్_తిక్క (విశాఖపట్నం)

స్ప్రింగ్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నేను తప్పు చేసింది అక్కడే. నా బూస్ట్ 15 పీఎస్ఐ (పీడనం కొలత) కాబట్టి 15 పీఎస్ఐకి తెరుచుకునే స్ప్రింగ్ కావాలని గట్టిది వేయించా. కాలు తీస్తే టుటుటుటు. తర్వాత మెత్తది వేశా. ఐడ్లింగ్‌లోనే వాల్వు తెరుచుకుని బుస్సుమంటూ కూర్చుంది. మా బీచ్ రోడ్డు మీద, ఫిల్టర్ లేని ఆ కన్నంలోంచి ఎంత ఇసుక పీల్చిందో దేవుడికెరుక.

#17 లెక్కల_మాస్టారు (రాజమండ్రి)

తిక్క గారూ, మీరు చేసిన పొరపాటు వందమందిలో తొంభైమంది చేస్తారు. అందుకే కాస్త నిదానంగా చెబుతాను, లెక్కలు పడనివాళ్లు ఈ పోస్టు దాటేయండి.

వాల్వు పలకకి రెండు వైపులున్నాయి. కింద బూస్ట్ గొట్టం. పైన సన్న గొట్టం ద్వారా ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే థ్రాటిల్‌కి అవతలి వైపు. మీరు పూర్తిగా తొక్కినప్పుడు థ్రాటిల్ తెరిచే ఉంటుంది కాబట్టి పైనా కిందా దాదాపు ఒకే పీడనం. 5 పీఎస్ఐ అయినా 25 అయినా రెండూ కొట్టేసుకుంటాయి. వాల్వుని మూసి ఉంచడానికి చిన్న స్ప్రింగ్ చాలు. బూస్ట్ పెరిగితే స్ప్రింగ్ గట్టిది కావాలన్న మాటకి ఈ రకం వాల్వుల్లో ఆధారం లేదు.

ఇప్పుడు అంకెలు. పలక వ్యాసం 25 మిల్లీమీటర్లనుకుందాం, వైశాల్యం 4.9 చదరపు సెంటీమీటర్లు. ఐడ్లింగ్‌లో మానిఫోల్డ్ వాక్యూమ్ 0.65 బార్ దాకా ఉంటుంది, పాదరసం లెక్కలో 19 అంగుళాలు. అప్పుడు వాల్వుని పైకి లాగే బలం సుమారు 3.2 కిలోలు. అర బార్ బూస్ట్‌లో ఉండి కాలు తీశారు. కింద నుంచి అర బార్ తోపు, పై నుంచి 0.65 బార్ లాగుడు, మొత్తం 1.15 బార్. బలం సుమారు 5.7 కిలోలు.

అంటే స్ప్రింగ్ 3.2 కిలోల కన్నా కాస్త గట్టిగా ఉండి 5.7కి చాలా ముందే లొంగాలి. అందుకే పేరున్న కంపెనీలు, ఉదాహరణకి టియాల్, స్ప్రింగుని మీ బూస్ట్ చూసి కాదు, ఐడ్లింగ్ వాక్యూమ్ చూసి ఎంచుకోమంటాయి. వాక్యూమ్ గేజ్ పెట్టి చూడకుండా స్ప్రింగ్ అమ్మేవాడి దగ్గర కొనొద్దు.

డైవర్టర్‌కి ఈ తలనొప్పి తక్కువ. ఐడ్లింగ్‌లో కొంచెం తెరుచుకున్నా ఫిల్టర్ దాటిన గాలే అందులో గిరగిర తిరుగుతుంది, ఇసుక రాదు.

ఇంకొకటి, ఆ పైనున్న సన్న గొట్టం. దాన్ని బ్రేక్ బూస్టర్ లైన్లోంచో ఫ్యూయల్ రెగ్యులేటర్ లైన్లోంచో టీ జాయింట్ వేసి లాగేస్తారు. కబురు ఆలస్యంగా అందుతుంది, వాల్వు ఆలస్యంగా తెరుచుకుంటుంది. నేరుగా మానిఫోల్డ్ నుంచి విడిగా, వీలైనంత పొట్టిగా ఉండాలి.

#18 టీజెట్_తిక్క (విశాఖపట్నం)

ఇది మూడేళ్ల కిందట చెప్పుంటే నాకు రెండు స్ప్రింగుల డబ్బు మిగిలేది మాస్టారూ.

#19 శబ్దభేది (కూకట్‌పల్లి)

సుత్తి అన్నా, ఒక డౌట్. చక్రాలు జారిస్తూ పక్కకి నడిపే డ్రిఫ్ట్ పోటీ బండ్లు చాలా వాటికి వాల్వే పెట్టరు. టుటుటు అంటూనే ఏళ్లు తిరుగుతాయి. సర్జ్ వల్ల టర్బో పోతుందన్నది బెదిరింపేనా?

#20 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

ఇది మంచి ప్రశ్న. మొదటి రోజు నేను కాస్త భయపెట్టినమాట నిజమే.

సర్జ్ రెండు రకాలు. పూర్తి థ్రాటిల్‌లో, పెద్ద టర్బో చిన్న ఇంజిన్ మీద పెట్టి, తక్కువ ఆర్‌పీఎంలో గాలి ఎక్కువై వచ్చేది ఒకటి. అది బేరింగుని నిజంగానే తినేస్తుంది, ఈ వాల్వు దాన్ని ఆపలేదు. కాలు తీసినప్పుడు అర సెకను వచ్చేది రెండోది. అప్పుడు చక్రం మీద భారం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి తక్కువ బూస్ట్‌లో నష్టం నెమ్మది. డ్రిఫ్ట్ వాళ్లు దాన్ని లెక్కచెయ్యరు, టర్బో పోతే ఇంకోటి వేసుకుంటారు. మీరు రోజూ ఆఫీసుకి పోయే బండిలో గేరు గేరుకీ ఆ కుదుపు ఎందుకు?

#21 లెక్కల_మాస్టారు (రాజమండ్రి)

"భారం తగ్గిపోయి" అన్నచోట నాకు అభ్యంతరం ఉంది. షాఫ్టు ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపే థ్రస్ట్ బేరింగు మీద దిశ మారుతూ పడే దెబ్బ మాటేమిటి? ఒకే వైపు నెట్టే భారం కన్నా ఇటూ అటూ కొట్టే చిన్న భారమే ఎక్కువ అరగదీస్తుంది.

#22 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

విప్పి చూసిన టర్బోల మాట నేను చెబుతున్నాను, కాగితం మాట మీరు చెబుతున్నారు. నేను చూసిన అరుగుదలలో ఎక్కువ మురికి ఆయిల్ వల్లే. ఇద్దరం వాల్వు ఉండాలనే అంటున్నాం కాబట్టి ఇక్కడ వదిలేద్దాం.

#23 నిమ్మకాయ_మిరపకాయ (వరంగల్)

పొట్లాట అయిందా? ఒక చిన్న మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. శబ్దం, గాలి కాలుష్యం నిబంధనలు దాటితే 190(2) కింద మొదటిసారికే పదివేల దాకా జరిమానా ఉంది, మూడు నెలలు లైసెన్సు పోవచ్చు, జైలు మాటా రాసుంది. సిగ్నల్ దగ్గర అద్దం దించి చూసే పక్కోడు ఖాకీ చొక్కాలో ఉంటే ఏం చేస్తారు శబ్దభేది గారూ?

#24 శబ్దభేది (కూకట్‌పల్లి)

నవ్వుతూ అద్దం ఎక్కించేస్తా.

#25 మాడరేటర్

విడిభాగాలు అమ్మే ఇద్దరు సభ్యులు ఈ చర్చలో ఫోన్ నంబర్లు పెట్టారు, తీసేశాం. అమ్మకాలకి వేరే విభాగం ఉంది.

#26 పాతబండి (మియాపూర్)

ఆలస్యానికి క్షమించండి, వాల్వు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. 710 ఎన్ తెప్పించా. వచ్చాక పెట్టె విప్పి మాస్టారి వేలి పరీక్ష మళ్లీ చేశా, పిస్టన్ కదల్లేదు. సన్న గొట్టాలన్నీ సిలికాన్‌వి వేశా. క్లాంపులు రెండు వదులుగా ఉన్నాయి, కొత్తవి బిగించా. సబ్బునీళ్లు కొట్టి చూస్తే ఇంటర్‌కూలర్ కింది మూల దగ్గర బుడగలొచ్చాయి, అదీ సరిచేశా.

మా స్నేహితుడి దగ్గర వీసీడీఎస్ ఉంటే ఔటర్ మీద లాగ్ తీశాం. అంకెలు ఇవి (గ్రూప్ అంటే వీసీడీఎస్‌లో కొలతలు చూపే పట్టిక నంబరు), ఎలా ఉన్నాయో చెప్పండి:

గ్రూప్ 115, మూడో గేరు, 3,500 ఆర్‌పీఎం: అడిగిన బూస్ట్ 1,580, వచ్చింది 1,560 మిల్లీబార్లు.
గ్రూప్ 003, పూర్తిగా తొక్కితే: మాఫ్ గరిష్ఠం సెకనుకి 121 గ్రాములు.
గ్రూప్ 032: ఐడ్లింగ్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌లో చేసే సవరణ) 1.2 శాతం, రెండోది, బండి నడుస్తున్నప్పటిది, మైనస్ 2.3.

కోడ్ మళ్లీ రాలేదు. ఈల పోయింది. వీపు మళ్లీ సీటుకి అతుక్కుంటోంది.

#27 లెక్కల_మాస్టారు (రాజమండ్రి)

చాలా బాగున్నాయి. అడిగిందీ వచ్చిందీ ఇంత దగ్గరగా ఉంటే గొట్టాల్లో చెప్పుకోదగ్గ లీకు లేనట్టే. మాఫ్ గ్రాముల్ని 0.8తో భాగిస్తే హార్స్‌పవర్ ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 121ని భాగించండి, 151. అంటే ఇంకో వార్త కూడా ఉంది: బూస్ట్ చూసినా మాఫ్ చూసినా మీది ఫ్యాక్టరీ బండే. రీమ్యాప్ అని మీ పాత ఓనర్ చెప్పింది ఉత్తమాటే.

#28 పాతబండి (మియాపూర్)

దానికోసం ఇరవై వేలు ఎక్కువిచ్చాను మాస్టారూ.

#29 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

ఇంజిన్‌కి వయసుంది, ఫ్యాక్టరీ బూస్ట్‌లోనే ఉండనివ్వండి. వాల్వుకి కబురు చేరవేసే సన్న గొట్టం మధ్యలో ఎన్249 అని చిన్న కరెంటు వాల్వు ఉంటుంది, అది చూశారా? అది కారితే కొత్త డైవర్టర్ కూడా మొద్దుబారుతుంది. కొందరు దాన్ని దాటించి మానిఫోల్డ్ నుంచి నేరుగా గొట్టం వేస్తారు. అలా చేస్తే దాని కరెంటు ప్లగ్గు మాత్రం పీకొద్దు, పీకితే ఇంకో కోడ్ వస్తుంది.

#30 పాతబండి (మియాపూర్)

చూశాను, నోటితో ఊది పరీక్షించా, బాగానే ఉంది. అలాగే వదిలేశా. కానీ దాని పక్కన క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది భాగం) నుంచి వచ్చే లావు గొట్టం కింద వేలు పెడితే ఆయిల్ జిడ్డు తగిలింది. అది కూడా రబ్బరే, మెత్తగా అయిపోయింది.

#31 సుత్తి_స్పానర్ (విజయవాడ ఆటోనగర్)

అనుకున్నాను. దానికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఫోటోలు దగ్గరగా తీసి పెట్టండి. గొట్టం తీసేటప్పుడు లాగొద్దు, విరిగిన ముక్క లోపల పడుతుంది.